కొత్తవాళ్ళకు కొలిమి దగ్గర చోటిచ్చే పాతకాపు

కమ్మరి పని చేసేవాళ్ళు నలుగురు చేరిన చోట పొగడ్తంతా వస్తువులకే పోతుంది. మెలికలు తేలిన పొరల ఉక్కు కత్తి, అతుకు కనబడని గేటు, ఈనెలతో సహా ఆకును తీర్చిన కొక్కెం కనిపిస్తే జనం చుట్టూ మూగుతారు. మూగాల్సిందే, ఏళ్ళ తరబడి చెమటోడిస్తే వచ్చిన పనితనం అది. అయినా ఒక కమ్మరి బృందం ఇరవయ్యేళ్ళు నిలబడిందంటే దాన్ని నిలబెట్టింది ఆ వస్తువులు కావని నా గట్టి నమ్మకం. “ఏ దాగలి కొనాలండీ?” అని, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ ఏది కొనాలని, వెయ్యోసారి ఎవరో అడిగినా, ఇప్పుడే మొదటిసారి విన్నట్టు విని, అడిగినవాళ్ళు ఆ సాయంత్రమే చేసి చూసుకోగలిగే జవాబు చెప్పే పాతకాపు ఒకరుంటారు. బృందం నిలబడేది వాళ్ళ మీద. వాళ్ళకు దక్కాల్సిన గౌరవం మాత్రం సరిగా దక్కడం లేదు.

“రండి, కూర్చోండి” అనడం ఎవరికైనా వచ్చు. ఈ పనిలో కొత్తవాళ్ళను ఆదరించడమంటే వాళ్ళ అవసరాన్ని కచ్చితంగా పట్టుకోవడం. తీయగా మాట్లాడి తప్పుడు కొలత చెబితే కొత్తవాళ్ళ చేయి కాలుతుంది. సరైన కొలతే చెప్పినా ఈసడించుకుంటూ చెబితే వాళ్ళు మళ్ళీ రారు. రెండూ కుదిరిన మనుషులు తక్కువ. వాళ్ళు జవాబిచ్చే తీరులో ఎంత పని దాగి ఉందో కాస్త వివరంగా చూద్దాం.

దాగలి ప్రశ్ననే తీసుకోండి. అడిగే మనిషికి నిజంగా కావలసింది దాగలి పేరు కాదు. సామాన్లన్నీ సమకూరేదాకా పని మొదలుపెట్టకూడదేమో అన్న భయం ఆ ప్రశ్న వెనక ఉంటుంది. మంచి పాతకాపు ఆ భయానికి జవాబు చెబుతారు. చేతికి దొరికే ఉక్కు దిమ్మ ఏదైనా చాలంటారు. రైలు పట్టా ముక్క దొరికితే పడుకోబెట్టొద్దు, నిలబెట్టండి అంటారు. పడుకోబెడితే దెబ్బ కింద ఉండేది సన్నటి నడుము, అది ఊగుతూ మీ బలాన్ని తినేస్తుంది. నిలబెడితే ముక్క పొడవంతా దెబ్బకు సూటిగా కింద ఉంటుంది. కొట్టే చోటు అరచేయంత కూడా ఉండదు, అయినా సరిపోతుంది, ఎందుకంటే సుత్తి ఒకసారి తాకేది అంతకంటే చిన్న చోటునే. పెద్ద సమ్మెట తలను మొద్దులో పాతిపెట్టినా మొదటి ఏడాది పని నడుస్తుంది.

పాత దాగలి కొనబోయేవాళ్ళకు వాళ్ళు చెప్పే పరీక్ష ఇంకా సులువు. బేరింగులోని ఉక్కు గుండును సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దాగలి ముఖం మీద వదలండి. 18 సెంటీమీటర్లు, ఆపైన ఎగిరితే మంచి సరుకు. పోత ఇనుము మీద గుండు చచ్చినట్టు పడుతుంది. ముఖం మీద ఒక్కో చోట ఒక్కోలా ఎగిరిందంటే లోపల పై పలక ఊడి ఉండవచ్చు. ఇక్కడితో ఆగకుండా, “ముఖం గుంటలు పడిందని మిషను మీద చదును చేయించకండి” అని కూడా అంటారు. చాలా పాత దాగళ్ళకు గట్టి ఉక్కు పలక పైన మాత్రమే అతికి ఉంటుంది. దాన్ని చెక్కేస్తే మిగిలేది మెత్తటి ఇనుము. కొనేవాళ్ళకు ఆ ప్రశ్న అప్పటికి తట్టి ఉండదు. తట్టని ప్రశ్నకు ముందే జవాబివ్వడం ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకే చేతనవుతుంది.

ఎత్తు సంగతీ అంతే. దాగలి పక్కన నిటారుగా నిలబడి చేయి వదిలేసి పిడికిలి బిగిస్తే, వేళ్ళ కణుపులు దాగలి ముఖానికి తాకాలి. ఇది చాలామంది చెప్పే లెక్కే. పాతకాపు ఇంకో అడుగు వేసి, ఇనుము మీది మచ్చలను చూపించమంటారు. సుత్తి ముఖం అవతలి అంచు నెలవంకలా దిగుతుంటే దాగలి మీకు పల్లంగా ఉంది. ఇవతలి అంచు దిగుతుంటే ఎత్తుగా ఉంది. దుకాణం నుంచి తెచ్చిన సుత్తికి అంచులు కొసగా ఉంటే ఎత్తు సరిచేసినా మచ్చలు పోవు, ముందు ఆ అంచులను గ్రైండరుతో గుండ్రంగా అరగదీయాలి. సుత్తి బరువు కిలో దాటనక్కరలేదు. బరువైన సుత్తి పట్టి మొదటి రోజే మోచేయి పాడుచేసుకునేవాళ్ళకు ఈ ఒక్క మాట నెలల నొప్పి తప్పిస్తుంది.

ప్రమాదాల విషయంలో మాత్రం ఈ మనుషులు మెత్తబడరు. మెత్తబడకపోవడం ఆదరణలో భాగమేనని నేనంటాను. కొత్తవాళ్ళకు చవగ్గా దొరికే ఇనుములో జింకు పూత ఉన్న పైపులు, బోల్టులు ఎప్పుడూ ఉంటాయి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి ఆవిరవుతుంది. కొలిమిలో ఇనుము నారింజ రంగుకొచ్చేసరికి ఆ వేడి దాటినట్టే. తెల్లటి పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో లోహపు రుచి మొదలవుతాయి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని, ఎక్కువ పీల్చితే ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావచ్చు. పాలు తాగితే విరిగిపోతుందన్న మాటను నమ్మి పనిలోకి దిగేవాళ్ళుంటారు. పాలతో అది విరగదు. పాతకాపు చెప్పేది ఒకటే: పూత ఉన్నది కొలిమిలో పెట్టొద్దు, గుర్తుపట్టలేకపోతే అసలు వాడొద్దు.

గ్యాస్ కొలిమి కట్టుకున్నవాళ్ళను వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న కూడా మంట ఎలా ఉందని కాదు, “గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది?” అని. మూసిన గదిలో గ్యాస్ కొలిమి కార్బన్ మోనాక్సైడును నింపుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఎదురెదురుగా రెండు తెరుపులు, ఒక అలారం ఉండి తీరాలి. వేడి బయటికి పోకుండా కొలిమి లోపల వేసే పింగాణీ దూదిని ఊరికే పరిచి వదిలేస్తే దాని నూలు గాలిలో కలుస్తుంది. ఎక్కువ వేడికి అది ఊపిరికి ఇంకా చెడ్డ సిలికా రూపంలోకి మారుతుంది. అందుకే గట్టిపరిచే ద్రావణం పట్టించి, పైన నిప్పుకు తట్టుకునే పూత వేసి తీరాలి. ఇదంతా చెప్పాక వాళ్ళు కొత్తవాళ్ళను భయపెట్టి పంపేయరు. “ఇవి చేశాక చూపించండి, వెలిగిద్దాం” అంటారు. హెచ్చరించేవాళ్ళు చాలామందే ఉంటారు. హెచ్చరిక తరవాతి మెట్టు కూడా చూపించేవాళ్ళు ఆ చివరి మాట అనేవాళ్ళే.

ఇప్పుడు అసలు విద్య దగ్గరికొద్దాం. చెడిపోయిన ముక్కను చూసి జరిగిందేమిటో చెప్పడం.

కొత్తవాళ్ళు మొట్టమొదట చేసేది చువ్వకు మొన తీయడం. 12 మిల్లీమీటర్ల మెత్త ఇనుప చువ్వ తీసుకుంటారు, గుండ్రటి మొన కావాలి కాబట్టి తిప్పుతూ గుండ్రంగానే కొడతారు. మొన నడిమధ్య చీలుతుంది. “ఇనుము చెడ్డది” అనుకుంటారు. ఇనుముదేం తప్పు లేదు. గుండ్రటి చువ్వను తిప్పుతూ సన్నగా కొడితే పైపొర సాగుతుంది, నడుము సాగదు, మధ్యలో చీలిక పుడుతుంది. పాతకాపు వరస చెబుతారు. ముందు నలుపలకలుగా కొట్టండి, కావలసిన సన్నదనం వచ్చేదాకా నలుపలకలుగానే ఉంచండి, తరవాత నాలుగు మూలలూ దించి ఎనిమిది పలకలు చేయండి, ఆఖర్న తేలిక దెబ్బలతో గుండ్రం చేయండి. నలుపలకలుగా కొట్టేటప్పుడు చువ్వను పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పితే చాలు. సరిగ్గా పావు చుట్టు తిరగకపోతే చువ్వ వాలిపోయి, వజ్రం ఆకారానికి మారుతుంది. అప్పుడు ఇంకా కొట్టుకుంటూ పోతే మరింత వాలుతుంది. మళ్ళీ బాగా వేడిచేసి, పొడవాటి మూలను నిలబెట్టి దాని మీద కొట్టాలి.

చివర చేప నోరు తెరిచినట్టు గుంట పడిందంటే కారణం వేరు. వేడి చాలక గానీ, దెబ్బ చాలక గానీ పైపొర మాత్రమే ముందుకు జరిగింది. పొట్టి మొనను ముందు గట్టిగా దించి, తరవాత వెనక్కు సాగదీస్తే ఆ నోరు పడదు. పడిందాన్ని మూయాలని కొడితే లోపల మడత మిగిలిపోతుంది. ఆ ముక్కను కోసేయడమే మేలు.

ఇక్కడ జవాబు కంటే ముందు వాళ్ళు అడిగే ప్రశ్నలు గమనించండి. ఏ ఇనుము? బొగ్గా, గ్యాసా? కొట్టడం ఆపినప్పుడు ఏ రంగులో ఉంది? పని ఎండలో చేశారా, నీడలోనా? ఈ చివరి ప్రశ్న అడగడం చాలామందికి తట్టదు. మసక వెలుతురులో నారింజ రంగులో మెరిసే ఇనుము ఎండలో చూస్తే చల్లారినట్టే కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఇంకా కాలాలనుకుని ఉంచేస్తారు, చిటపటమంటూ నిప్పురవ్వలు లేచేదాకా. అలా మాడిన ఉక్కు మళ్ళీ బాగుపడదు, నలిగి రాలిపోతుంది. ముక్క చూసి “మాడ్చేశారు” అనడం సులువే. “నీడకు మార్చుకోండి, అన్నీ ఇవే పనిముట్లతో మళ్ళీ చేయండి” అన్నప్పుడే కొత్తవాళ్ళకు దారి దొరుకుతుంది.

బొగ్గు కొలిమిలో ఇనుము మీద పెచ్చులు విపరీతంగా లేస్తున్నాయన్న ఫిర్యాదుకు కూడా వాళ్ళు నిప్పు లోతు అడుగుతారు. గాలి గొట్టం పైన పది పదిహేను సెంటీమీటర్ల రగిలే బొగ్గు ఉండాలి. ఇనుమును గొట్టం వైపు కిందికి గుచ్చకుండా, నిప్పు మధ్యలో అడ్డంగా పెట్టాలి. గొట్టానికి దగ్గర్లో కాలని గాలి ఇంకా మిగిలే ఉంటుంది, అది ఇనుమును తినేస్తుంది. గాలి ఎంత ఊదినా వేడెక్కకపోతే అడుగున చిట్టెం, అంటే బొగ్గులోని మలినాలు కరిగిన ముద్ద, గడ్డకట్టి ఉంటుంది. నిప్పును రెండు నిమిషాలు గాలి లేకుండా వదిలితే అది ముద్దగా బిగుస్తుంది, కొక్కెంతో లాగేయవచ్చు.

ఇక కత్తి సంగతి. కొత్తగా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కత్తి చేయాలనే వస్తారు, కొందరు ఏకంగా ఖడ్గం చేస్తామంటారు. చాలా బృందాలు మనుషుల్ని పోగొట్టుకునేది ఇక్కడే. “ముందు వంద కొక్కేలు చేసి రా” అని నవ్వేవాళ్ళకు తాము క్రమశిక్షణ నేర్పుతున్నామన్న భావన ఉంటుంది. ఆ క్రమం అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది ఆ నవ్వును. కోరిక బలంగా ఉన్నవాళ్ళను ఆ కోరికతోనే నడిపించవచ్చు. పాతకాపు చేసేది అదే. “కత్తికి మొన కావాలి, కాబట్టి ముందు మొన తీయడం నేర్చుకుందాం. కత్తిని పట్టుకోవడానికి పటకారు కావాలి, అది మీరే చేసుకోండి” అంటారు. కొక్కేలూ పటకార్లూ చేసే పనే, కానీ ఇప్పుడవి శిక్షలా అనిపించవు.

లోహం ఎంపికలో వాళ్ళు రాజీపడరు. పాత లారీ కమాను పట్టీలో కంటికి కనబడని పగుళ్ళుండవచ్చు, ఏ రకం ఉక్కో తెలియదు. పని నేర్చుకునేటప్పుడు తెలియని విషయాలు ఎన్ని తక్కువుంటే అంత మంచిది, కాబట్టి పేరున్న ఉక్కు ఒకటి కొనండి, 1084 లాంటిది, అంటారు. ఆపైన వరస: ఆకారం వచ్చాక మూడుసార్లు వేడిచేసి గాలిలోనే చల్లారనివ్వాలి, దెబ్బల వల్ల లోపల మిగిలిన ఒత్తిళ్ళు దీంతో సర్దుకుంటాయి. అంచును మరీ పల్చగా అరగదీయకుండా ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంచాలి. పల్చటి అంచు నూనెలో ముంచగానే వంకర పోతుంది. వేడి తెలుసుకోవడానికి అయస్కాంతం చాలు. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి రంగు కొంచెం పెరగనిచ్చి, 815 దగ్గర్లో, ముంచాలి. నీళ్ళలో ముంచితే “టింగ్” మని పగులుతుంది. వంటనూనె 50 డిగ్రీలకు వెచ్చబెట్టి వాడాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని త్వరగా లాగలేదు. చిన్న కత్తికి కూడా నాలుగు లీటర్లకు తగ్గకూడదు, పాత్ర ఇనుపదై ఉండాలి, మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టాలి, నీళ్ళు పోయకూడదు.

ముంచి తీశాక ఆకురాయి అంచు మీద జారిపోతే గట్టిపడినట్టు. ఆ క్షణంలో ఆ కత్తి గాజంత పెళుసు, కింద పడితే విరుగుతుంది. సంబరపడి బల్ల మీద వదిలేయకుండా వెంటనే 200 డిగ్రీల ఓవెనులో రెండు గంటలు, చల్లారాక మళ్ళీ రెండు గంటలు ఉంచాలి. ఇన్ని మెట్లున్న పనిని ఏ మెట్టు తప్పితే ఏమవుతుందో చెప్పకుండా “చదువుకుని రా” అనేవాళ్ళకు, పక్కన నిలబడి ఒక్కొక్కటీ విప్పి చెప్పేవాళ్ళకు మధ్య తేడా మర్యాదతో ఆగదు. మొదటి రకం మనుషుల చేతిలో పడ్డ కొత్తవాళ్ళు పగిలిన కత్తితో ఇంటికి పోతారు. పగిలిందెందుకో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

దీనికొక ఎదురువాదం వినిపిస్తుంటుంది. అడిగినవన్నీ విప్పి చెప్పేస్తే విద్యకు విలువ పోతుందని, కష్టపడి తెలుసుకుంటేనే మనసులో నాటుకుంటుందని. రెండో భాగంలో నిజముంది. వెలిగారం చల్లి రెండు ముక్కలు అతికించడం ఎవరు ఎంత చెప్పినా మాటలతో రాదు. 1250 డిగ్రీలు దాటిన ఇనుము పైపొర తడిసి మెరుస్తున్నట్టు కనబడే ఆ క్షణాన్ని కళ్ళే పట్టుకోవాలి, మొదటి దెబ్బ తేలిగ్గా పడాలన్నది చేతికే తెలియాలి. అందుకే చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. ముక్కలు శుభ్రంగా ఉండాలని, నిప్పులో చిట్టెం ఉండకూడదని, చల్లటి దాగలి పల్చటి ముక్క వేడిని లాగేస్తుందని చెప్పినంత మాత్రాన ఎవరూ అతకడం నేర్చేసుకోరు. కాకపోతే పది రకాల కారణాల్లో ఏడు ముందే తీసేసి, మిగిలిన మూడింటితో కుస్తీ పట్టనిస్తారు. కష్టం ఉండాల్సింది ఆ మూడింటి దగ్గర.

చరిత్ర కూడా ఈ వైపే ఉంది. అమెరికాలో బిల్ మోరన్ అనే కత్తుల కమ్మరి 1973లో కత్తుల తయారీదార్ల ప్రదర్శనకు పొరల ఉక్కు కత్తులు తెచ్చినప్పుడు, వాటితోపాటు ఆ ఉక్కు ఎలా చేయాలో చెప్పే చిన్న పుస్తకాన్ని ఉచితంగా పంచిపెట్టాడు. ఆ రహస్యాన్ని దాచుకుని జీవితాంతం అమ్ముకోగలిగిన మనిషి. ఆ తరవాత పొరల ఉక్కు కత్తులు చేసేవాళ్ళు పెరిగారు, 1976లో ఆయన పూనికతోనే అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడింది. పంచిపెట్టినందుకు ఆయన పేరు చిన్నదవలేదు.

బృందంలో ఎంతకాలంగా ఉన్నారన్నది మాత్రమే గొప్ప అనను. ఏళ్ళు గడిచినకొద్దీ కొందరు వాకిలి కాసే కాపలాదార్లవుతారు. ఒకప్పుడు ముంచడానికి వాడిన ఇంజను ఆయిల్ వాడమనే ఇప్పటికీ చెబుతూ, ఎవరైనా పొగలోని విషాల గురించి అడిగితే “మేం చేయలేదా” అంటారు. నేను గౌరవించే పాతకాపులు తమ పాత మాటను తామే దిద్దుకుంటారు. “అప్పట్లో అలా చెప్పాను, ఇప్పుడు వంటనూనె వాడండి, కారణం ఇది” అంటారు. తెలియని చోట తెలియదని, ఫలానావారికి తెలుసని చెప్పి పంపిస్తారు. పని బాగా లేకపోతే బాగా లేదనే అంటారు. అతుకు గీత కనబడుతుంటే “భలే” అనరు, ఆ గీత దగ్గర వంచి చూడమంటారు. తెరుచుకుంటే చూపించి మళ్ళీ మొదలుపెట్టిస్తారు. అబద్ధపు మెప్పు వల్ల ఒక రోజు ఎవరి చేతిలోనో ఆ అతుకు విరుగుతుందని వాళ్ళకు తెలుసు.

ఇలాంటి మనిషికి కృతజ్ఞత చెప్పడమంటే చప్పట్లు కొట్టడమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో వాళ్ళకు మొదట కావలసింది ఫలితం. సలహా తీసుకుని వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తిరిగొచ్చి ఏమైందో చెప్పరు. అదే వాళ్ళను అలసిపోయేలా చేస్తుంది. ముక్క తీసుకుని రండి, విరిగినదైనా సరే. ఉక్కు పేరు, మందం, ముంచిన నూనె, దాని వేడి, ఓవెనులో ఉంచిన సమయం కాగితం మీద రాసి దానికి కట్టండి. విరిగిన చోట గింజలు ముతకగా మెరుస్తున్నాయా, బూడిదరంగులో వెల్వెట్‌లా సన్నగా ఉన్నాయా చూసి చెప్పండి. ముతకగా ఉంటే వేడి ఎక్కువైంది. ఈ వివరాలుంటే ఆ మనిషి సలహా తరవాతి వాళ్ళకు ఇంకా పదునుగా అందుతుంది.

రెండోది భారం పంచుకోవడం. ఏడాది పని చేసినవాళ్ళకు దాగలి ప్రశ్నకు జవాబు చెప్పడం వచ్చి ఉండాలి. దాగలి, సుత్తి అంచులు, నలుపలకల మొన, జింకు పూత, ఈ నాలుగింటినీ వాళ్ళే చూసుకుంటే పాతకాపు అతుకుల దగ్గరా, కత్తిని ముంచి గట్టిపరిచే పని దగ్గరా నిలబడతారు. కొత్తవాళ్ళకూ అదే మేలు. తప్పు చేసి ఎక్కువ కాలం కాని మనిషికి ఆ తప్పు ఎలా ఉంటుందో బాగా గుర్తుంటుంది. కాకపోతే జవాబు చెప్పేటప్పుడు పాతకాపు వినేంత దూరంలో ఉండి చెప్పండి, తప్పితే దిద్దుతారు.

మూడోది వాళ్ళ ఒంటి సంగతి. దశాబ్దాలు దాగలి పక్కన నిలబడ్డవాళ్ళలో చాలామందికి చెవులు మందగిస్తాయి, భుజం, మోచేయి అరుగుతాయి. దాగలి మోగకుండా దాని నడుముకు గొలుసు చుట్టండి, ముఖం కిందివైపు పెద్ద అయస్కాంతం అంటించండి, చెవులకు రక్షణ పెట్టుకునే మాట్లాడుకోండి. వాళ్ళు పని చూపించే రోజు సమ్మెట మీరు పట్టండి. వాళ్ళు చిన్న సుత్తితో చోటు చూపిస్తారు, మీరు ఆ చోటనే, అంతే బరువుతో కొట్టాలి. వాళ్ళ సుత్తి దాగలి మీద ఊరికే మోగిందంటే ఆగాలన్న గుర్తు. బొగ్గు, గ్యాసు, ఉక్కు ఖర్చు అందరూ పంచుకోవాలి. ఉచితంగా నేర్పే మనిషి తన సంచి బొగ్గును మన మొనల మీద తగలేయాల్సిన పని లేదు. ఆ రోజు కొలిమి ఆర్పి, చిట్టెం తీసి, పెచ్చులు ఊడ్చి, పటకార్లను వాటి కొక్కేలకు తగిలించే పని కూడా నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళదే.